ఎంతకాలమైంది?



మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి ఉన్నాడు. అతని కుమారుడు చిన్ననాటి నుండి మూర్ఛలతో బాధపడుతున్నాడు. ఎన్నోసార్లు నిప్పులోను నీళ్లలోను పడ్డాడని ఆ తండ్రే ప్రభువుతో చెప్పుకున్నాడు. ఈ భాగం మీద నేను సెమినరీలో పరీక్ష రాశాను, తరువాత చాలాసార్లు ప్రసంగించాను. శిష్యుల అవిశ్వాసం గురించి చెప్పాను, ప్రార్థన గురించి చెప్పాను. ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు. అన్నిసార్లు నిప్పులో పడినవాడు ప్రభువు దగ్గరకు ప్రాణంతో ఎలా వచ్చాడు? ప్రతిసారీ ఎవరో పరుగెత్తి బయటికి లాగారు. ఆ ఇంట్లో కంటినిండా నిద్రపోయినవారు ఉండి ఉండరు.

ఇది నాకు నేర్పింది మా సంఘంలోని ఒక తల్లి. ఆమె కుమారునికి అప్పుడు 11 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, మాట రాదు, మూర్ఛలు కూడా ఉన్నాయి. తండ్రి లారీ మీద వెళ్తే వారానికి గానీ ఇల్లు చేరడు. నేను నెలకోసారి వెళ్లి, ప్రార్థించి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఒకరోజు ఆమేన్ చెప్పి లేస్తుంటే ఆమె మొహమాటపడుతూ, "అయ్యగారూ, ఒక్క గంట బాబు దగ్గర కూర్చుంటారా? తలస్నానం చేసి పది రోజులైంది" అన్నది.

మూడేళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను. స్వస్థత కోసం ప్రార్థించాను గాని, అమ్మా, నీకేమి కావాలని ఒక్కసారీ అడగలేదు. ప్రభువైతే పిల్లవాణ్ణి ముట్టకముందే, ఇది ఎంతకాలంగా ఉందని తండ్రిని అడిగాడు. ఆయనకు తెలియక అడిగాడా?

ఆ గంట నేను భయపడుతూనే కూర్చున్నాను. తరువాత ఆమె దగ్గర పాఠం నేర్చుకున్నాను. జావ పట్టేటప్పుడు పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టి తల కాస్త ముందుకు ఉంచాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. గంటలతరబడి ఒకే పక్కన ఉంటే పుండ్లు పడతాయి గనుక రాత్రి కూడా లేచి పక్క మార్చాలి. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకూడదు. ఒక పక్కకు తిప్పి గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రార్థన చేశాం గనుక మాత్రలు మానేయమనేవారు మనలో ఉన్నారు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పనిదే ఆపవద్దు. ఎవరి పాపమని కూడా అడగవద్దు. ఆ ప్రశ్నను యోహాను 9వ అధ్యాయంలోనే ప్రభువు తోసివేశాడు.

నేను పోయాక వీడికి దిక్కెవరు? ఇది ఆ తల్లి అసలు భయం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 ఏళ్లు నిండిన ఇలాంటి పిల్లలకు సంరక్షకుని నియమించే కమిటీ ప్రతి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో ఉంటుంది. నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. కాని ఆ కాగితాల కోసం తిరగడానికి ఆమె ఇల్లు కదలలేదు గదా! మీలో రిటైరైన ఉద్యోగులున్నారు. ఆఫీసుల దారులు మీకు తెలుసు.

మా సంఘంలో ఇద్దరు సహోదరీలు, ఒక యవనస్థుడు ముందు ఆమె పక్కనే ఉండి పని నేర్చుకున్నారు. ఆ తరువాత ఆదివారం రెండు గంటలు వంతులవారీగా బాబు దగ్గర కూర్చున్నారు. మొదటి ఆదివారం ఆమె ఆలస్యంగా వచ్చి చివరి వరుసలో గోడకు ఆనుకొని కూర్చుంది. నా ప్రసంగం సగంలోనే నిద్రపోయింది. పక్కనున్న అమ్మగారు తట్టి లేపబోతే, వద్దని పులిపీట మీదనుండే చెయ్యి ఊపాను.