చేపల పులుసునకు మామిడి వలయునా?

నెల్లూరు చేపల పులుసు అనగానే పలువురకు అందలి మామిడిముక్కయే గుర్తునకు వచ్చును. మామిడి లేనిచో అది నెల్లూరు పులుసే కాదనువారును కలరు. నేనంత దూరము పోజాలను. పులుసునకు ఆధారము చింతపండు. మామిడి తోడు మాత్రమే. కాయ దొరకు వేసవిలో వేయుట ఒప్పును గాని, అప్పుడు చింతపండు తగ్గింపవలెను. ఆ తగ్గించుట మరచు పూటకూటిండ్లే ఎక్కువ!

మైపాడు తీరమున పడవ దిగిన వంజరమైనను, చెరువులోని కొరమీనైనను తాజాదై యుండవలెను. నిలువయున్న చేపను మామిడి పులుపు కప్పిపుచ్చునే గాని బాగుచేయజాలదు. ముక్కలు వేసిన పిమ్మట గరిటె పెట్టరాదు. చట్టిని పట్టి కదుపవలెను. రాత్రి వండి మరునాడు తినవలెను. ఉప్పు, పులుపు, కారము ముక్కలోనికి దిగుటకు అంత వ్యవధి కావలెను. కావున పూటకూటింట మామిడి వేసితిరా యని గాక, ఎప్పుడు వండితిరని అడుగుడు.