రాచపుండునకు నూతనౌషధము

(తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు సమీపమందలి యొక పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



నేను వైద్యుడను కాను. దస్తావేజులు వ్రాసికొని బ్రతుకు న్యాయవాదిని. అట్టివాడు కేన్సరు మందును గూర్చి మాటాడనేల యని మీరడుగవచ్చును. కారణము చెప్పెదను. గడచిన వర్షాకాలమున ఈ తార్నాకలోనే కాపురమున్న యొక పింఛనుదారుడు నా యింటికి వచ్చి, తన యిల్లమ్ముటకు క్రయదస్తావేజు వ్రాసిపెట్టుమని కోరెను. ఆయన భార్యకు నోటిలో రాచపుండు. కోతయు, కిరణచికిత్సయు జరిగిన పిదప అది తిరుగబెట్టినది. "వకీలుగారూ, శరీరబలమునే సైన్యముగా చేయు క్రొత్త సూదిమందు వచ్చినదట. ఇల్లు పోయిన పోనిండు, మనిషి దక్కును గదా" యనెను. కలము చేతబట్టితిని గాని మనసొప్పలేదు. దక్కునను మాట యెంతవరకు సత్యమో తెలిసికొని వ్రాసెదనని ఆయనను పంపితిని. అట్లు తెలిసికొన్నదానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

మన రక్తమందలి తెల్లకణములు దేహమునకు కాపలాభటులు. వారు అదుపు తప్పి స్వదేహమునే పీడింపకుండుటకై ప్రకృతి వారికి కొన్ని కళ్లెములు పెట్టినది. కేన్సరు కణము ఆ కళ్లెమును పట్టి లాగును, భటుడు నిలిచిపోవును. మా కోర్టు భాషలో చెప్పవలెనన్న, దోషి తానే స్టే ఉత్తరువు తెచ్చుకొని పోలీసువాని ముఖమున చూపుట వంటిది. నూతనౌషధము కేన్సరు కణమును తాను చంపదు. ఆ స్టేను రద్దుచేయును, అంతియే. తక్కిన పని భటులది.

ఈ యూహ నిన్నటిది కాదు. 1891లో న్యూయార్కునందు కోలీ అను శస్త్రవైద్యుడు రోగి శరీరములోనికి సూక్ష్మజీవులనెక్కించి, అందువలన మేల్కొన్న దేహబలముచే పుండు తగ్గునేమోయని ప్రయత్నించెను. కళ్లెముల రహస్యము తేలుటకు మరియొక నూరేండ్లు పట్టినది. జపానుదేశీయుడగు హోంజో పండితుని ప్రయోగశాల 1992లో పీడీ-1 అను కళ్లెమును కనుగొనెను. అమెరికాలో ఆలిసన్ పండితుడు సీటీఎల్ఏ-4 అను వేరొక కళ్లెమును వదలించి చూపెను. 2018లో వైద్యశాస్త్రమందలి నోబెల్ బహుమానము వారిరువురికి లభించినది. మా పింఛనుదారుడు విన్న మందు పీడీ-1ను అడ్డగించు నివోలుమాబ్. 2014లో లోకమున ప్రవేశించినది.

ఇంతవరకు శుభవార్త. ఇక రెండవ ప్రక్క వినుడు. ముదిరిన రోగులలో కొందరికి ఈ మందు ఏండ్లతరబడి గుణమిచ్చును. ఎక్కువమందికి ఏమియు చేయదు. కళ్లెము వదలిన గుఱ్ఱము శత్రువునే త్రొక్కునను నియమమును లేదు. ఊపిరితిత్తులను, ప్రేగులను, కాలేయమును సైతము త్రొక్కవచ్చును. ఈ సంగతి చెప్పక మందు వెల మాత్రము చెప్పువాడు నాకు కక్షిదారునికి వ్యాజ్యబలము చెప్పక ఫీజు చెప్పు వకీలువలె కనబడును. (అట్టివారు మాలోను లేకపోలేదు.)

వెల మాటకు వచ్చితిమి గనుక నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన సంగతి చెప్పెదను. సంపూర్ణ మోతాదు రెండు వారములకొకసారి 240 మిల్లీగ్రాములు. బొంబాయి టాటా స్మారక వైద్యశాలవారు ఒక ప్రశ్న వేసికొనిరి: మన రోగి కొనలేని మందు ఉన్ననేమి, లేకున్ననేమి? తక్కువతో పని జరుగదా? తల, మెడ భాగములందు కేన్సరు ముదిరిన 151 మందిని రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు మాత్రలు మాత్రమే. రెండవ వర్గమునకు ఆ మాత్రలతోబాటు మూడు వారములకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. 2022లో ఫలితములు ప్రకటించిరి. మాత్రలు మాత్రమే తీసికొన్నవారిలో ఏడాదికి బ్రతికియున్నవారు నూటికి 16 మంది. మందు చేర్చినవారిలో 43 మంది. చిన్న మోతాదును పెద్ద మోతాదుతో ఈ పరీక్షయందు పోల్చలేదు. గనుక రెండును సమానములని నేను వాదింపను. అయినను పండ్రెండవ వంతు మోతాదు ఇంతపని చేయునేని, ఆ ప్రశ్న యెంత విలువైనదో మీరే యోచింపుడు.

ఆ మాత్రలలో నొకటి మెథోట్రెక్సేట్. ఈ ప్రాంగణము చెంతనే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1958లో కూనూరు నుండి ఇచటికి వచ్చినది. విటమినులను గూర్చి పరిశోధించుటకును, కేన్సరునకును సంబంధమేమని అటుగా పోవువారు తలంపవచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫోలిక్ ఆమ్లమను విటమినును శోధించుచు, దానికి విరోధులగు పదార్థములను తమ బృందముచే చేయించిరి. అందొకదానిని బోస్టనులో ఫార్బర్ వైద్యుడు రక్తకేన్సరు పిల్లలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగా శమించినదని 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ యేటనే గతించిరి. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబములోనిదే. నేడది చౌక మాత్రయై, వేలరూపాయల సూదిమందు ప్రక్కన నిలిచి పనిచేయుచున్నది.

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. పేటెంటు హక్కు ఇరువదియేండ్లది. నివోలుమాబ్ మీది భారతదేశపు హక్కు 2026 మే 2వ తేదీతో ముగియునట్టిది. అంతవరకు ప్రజ చేతులు కట్టుకొని కూర్చుండవలెనని చట్టము చెప్పలేదు. కాలేయపు కేన్సరునకు వాడు సొరాఫెనిబ్ మందునకు బేయర్ సంస్థ నెలకు 2,80,428 రూపాయలు గైకొనుచుండగా, పేటెంటు చట్టము 84వ సెక్షను క్రింద 2012 మార్చి 9వ తేదీన మన హైదరాబాదు నాట్కో సంస్థకు నిర్బంధ లైసెన్సు దొరకినది. నెలకు 8,880 రూపాయలకు మించరాదని షరతు. అట్టి యుత్తరువు మరల వెలువడినది లేదు. ఆ సెక్షను పుస్తకములో నిద్రించుటకు వ్రాసినది కాదని నా యభిప్రాయము.

పరీక్షాదశలోనున్న మందులను గూర్చి విద్యార్థిసోదరులు కొందరడిగిరి. అందు చేరుట పాపము కాదు. తెలియక చేరుట ప్రమాదము. 2019 నియమముల ప్రకారము రోగికి అర్థమగు భాషలో అన్నియు చెప్పి సమ్మతి గొనవలెను. ఎప్పుడైనను మానుకొను హక్కు రోగికి గలదు. పరీక్షవలన హాని కలిగినచో చికిత్సయు, పరిహారమును ఇయ్యవలెను. తెలుగు కాగితము చూపనిచో సంతకము చేయకుడు.

మా పింఛనుదారునితో నేనును వైద్యునియొద్దకు పోతిని. పై ప్రశ్నలన్నియు అడిగితిమి. చిన్న మోతాదును, మాత్రలును చాలునని ఆయన నిర్ణయించెను. ఆ ఖర్చు పింఛనుతోను, కుమారుని జీతముతోను గడచుచున్నది. నాలుగు సూదులైనవి. ఆమె గంజి మ్రింగగలుగుచున్నదని మొన్న చెప్పెను. వైద్యుడు మాత్రము ఇంకను ఏ మాటయు ఇయ్యలేదు. క్రయదస్తావేజు చిత్తుప్రతి నా బల్లసొరుగులోనే యున్నది.