కరెంటు లెక్కలు వేసే చదువు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడూ మమ్మల్ని చదువు ప్రాముఖ్యత గురించి మాట్లాడమంటారు. మేము మాట్లాడుతూనే ఉన్నాము, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. ఈసారి ఆ పెద్ద విషయాన్ని పక్కనబెట్టి ఒకే ఒక చదువు గురించి చెప్పదలచాము. దాని పేరు ఎనర్జీ సిస్టమ్స్ మోడలింగ్. పేరు విని బెదరవద్దు. మేమూ మొదట బెదిరినవాళ్లమే.

రెండేళ్ల కిందట పదో తరగతి పాసైన మా విద్యార్థిని ఒకామె కాగితం మీద ఈ పేరు రాసుకుని వచ్చింది. "సార్, నేను ఇది చదువుతాను" అంది. మాకు దాని అర్థం తెలియదు. తెలియదని ఒప్పుకుంటే మాస్టారి పరువు ఏం కావాలి? "అవన్నీ మనకెందుకు బేటీ, ఇంటర్ అయ్యాక డైట్‌సెట్ రాసి టీచరువి కా" అన్నాము. ఆ పిల్ల "జీ సార్" అని తలదించుకుని వెళ్లిపోయింది. ఆ "జీ సార్" మమ్మల్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పిల్లలు మన దగ్గరకు ధైర్యం చేసి వచ్చేది ఒక్కసారే. అప్పుడు మనకు తెలియని దారిని మూసేస్తే, రెండోసారి అడగరు. అందువలన ఇదేమిటో కనుక్కున్నాము, ఆ పిల్లను మళ్లీ పిలిపించి మా తప్పు ఒప్పుకున్నాము.

కరెంటు బియ్యం వంటిది కాదు, మూటలు కట్టి గోడౌనులో పేర్చుకోవడానికి. ఏ క్షణాన వాడుతున్నామో దాదాపు ఆ క్షణానే తయారు కావాలి. వాడకమా, గంటగంటకూ మారుతుంది. రంజాన్‌లో మన ఇళ్లలో తెల్లవారుజామున మూడున్నరకే దీపాలు వెలుగుతాయి, పక్క వీధిలో అందరూ నిద్రలో ఉంటారు. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఒక లెక్క చేయించాము. ఒక ఏసీ 1500 వాట్లు అనుకుందాము. రాత్రి తొమ్మిదికి వెయ్యి ఇళ్లలో ఒక్కొక్కటి వేస్తే ఒకటిన్నర మెగావాట్. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. పిల్లలు భాగహారం చేసి, ఆ కేంద్రమంతా కలిసి 13 లక్షల ఏసీలకు సరిపోతుంది అని తేల్చారు. ఒక కుర్రాడు లేచి, "మరి ఫ్యాను, ఫ్రిజ్, స్టీల్ ప్లాంటు, రైళ్లు సంగతేమిటి సార్?" అన్నాడు. అదే, ఆ ప్రశ్న దగ్గరే ఈ చదువు మొదలవుతుంది.

సింహాద్రి వారి రిజర్వాయరు నీళ్ల మీద 2021లో 25 మెగావాట్ల సౌర పలకలు తేలియాడేటట్లు అమర్చారు. చూడ ముచ్చట గలవే. కాని రాత్రి తొమ్మిదికి సూర్యుడు లేడు. పగటి కరెంటుతో నీళ్లను పైచెరువుకు తోడి, రాత్రి కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే ప్రాజెక్టులు ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో అటువంటిది చేపట్టారు. ఇంకా బొగ్గు ఎంత, గాలిమరలు ఎన్ని, బ్యాటరీలు ఎన్ని, లైన్లు ఎక్కడ, వీటన్నిటికీ ఖర్చు ఎంత? ఏడాదికి 8760 గంటలు. ప్రతి గంటకూ కరెంటు సరిపోవాలి, మొత్తం ఖర్చు తక్కువ కావాలి. ఇట్లా ఇరవై ఏళ్లకు లెక్క కట్టడమే మోడలింగ్. తొమ్మిది, పది తరగతుల్లో మన పిల్లలు రెండు తెలియని రాశులతో సమీకరణాలు చేస్తారు గదా, ఇక్కడ తెలియని రాశులు లక్షల్లో ఉంటాయి. చేసేది కంప్యూటరు. ఏమి అడగాలో చెప్పేది మనిషి. (అల్ జబ్ర్ అనే మాట అల్ ఖ్వారిజ్మీ గ్రంథం పేరు నుంచి వచ్చిందని మన పిల్లలు వేదికల మీద గర్వంగా చెబుతారు. పరీక్షలో ఆ లెక్కలే వదిలేసి వస్తారు. ఇది మా తరగతి సంగతి, నవ్వకండి.)

లెక్క తప్పితే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూడవచ్చు. 1987లో కర్ణాటకలో ఒక కమిటీ 2000 సంవత్సరానికి ఎంత కరెంటు కావాలో అంచనా వేసింది. పాత వాడకం పెరిగిన తీరునే ముందుకు పొడిగించింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసిన ప్రొఫెసర్ అమూల్య కె.ఎన్. రెడ్డిగారూ ఆయన సహచరులూ వేరే దారి పట్టారు. జనానికి కావలసింది యూనిట్లు కాదు, వెలుతురు, నీళ్లు, వంట అన్నారు. ఎన్ని ఇళ్లకు దీపం లేదు, ఎన్ని పంపుసెట్లు ఉన్నాయి, మెరుగైన బల్బూ మోటారూ పెడితే ఎంత మిగులుతుంది అని కిందినుంచి పైకి కూడుకుంటూ వచ్చారు. అన్ని ఇళ్లకూ కరెంటు ఇచ్చికూడా, కమిటీ చెప్పినదానిలో సుమారు ఐదింట రెండు వంతులతో సరిపోతుందని తేలింది. 1991లో దాన్ని ప్రచురించారు. ఎక్కువ అంచనా వేస్తే అక్కరలేని కేంద్రాల భారం బిల్లుల్లో మన మీద పడుతుంది. తక్కువ వేస్తే కోతలు. రెండువైపులా నష్టపోయేది చిన్నవాడే.

అయితే ఇది జోస్యం కాదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతటా వాడకం 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది. ముందు వేసిన అంచనా అందులో సగం కూడా లేదు. అయినా గ్రిడ్ నిలబడింది. జలవిద్యుత్ కేంద్రాలను క్షణాల్లో తగ్గించి, మళ్లీ పెంచేలా ముందే సిద్ధం చేసి ఉంచారు. అంచనా తప్పితే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారన్నమాట. మాకు ఈ పనిలో బాగా నచ్చినది ఇదే.

ఆ పిల్ల తండ్రి ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేస్తారు. "మాస్టర్ సాబ్, మా పాప స్తంభాలు ఎక్కాలా?" అన్నారు మొదట. కాదు భాయ్, కూర్చుని లెక్కలు వేసే పని అన్నాము. కాసేపు ఆలోచించి, "2022 ఏప్రిల్‌లో పవర్ హాలిడే అని మా షెడ్డు మూయించారు. 2012లోనూ అంతే. అది ఎవరి లెక్కో తప్పినందుకా?" అన్నారు. ఎండలు, బొగ్గు కొరత, ఇట్లా కారణాలు ఎన్నో ఉంటాయి, లెక్క ఒక్కటే కాదు అన్నాము. కాని ఆ లెక్కలు వేసే గదిలో పవర్ హాలిడే అంటే ఏమిటో ఇంట్లో చూసిన మనిషి ఒకరుంటే మంచిదే గదా అన్నాము. ఆయన మరి మాట్లాడలేదు. తరువాత అడిగింది ఒకటే, "ఎన్నేళ్లు?"

ఇంటర్ ఎంపీసీ రెండేళ్లు. బీటెక్ ఎలక్ట్రికల్ నాలుగేళ్లు. గేట్ పరీక్ష రాసి ఎనర్జీ సిస్టమ్స్‌లోనో పవర్ సిస్టమ్స్‌లోనో ఎంటెక్ రెండేళ్లు. మొత్తం ఎనిమిది. గణితం, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ డిగ్రీలతోనూ ఈ దారికి వచ్చినవాళ్లు ఉన్నారు. చదువులకు ఊరు విడిచి పోవలసిన పని అన్నిటికీ లేదు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 2016లో మన విశాఖలోనే పెట్రోలియం అండ్ ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినవచ్చు. ఓసెమోసిస్ అనే మోడలింగ్ ప్రోగ్రామూ, దాన్ని నడిపే పైథాన్ భాషా రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతాయి.

ఉద్యోగాలు ఎక్కడ అంటారా? ఈ సభ జరుగుతున్న సీతమ్మధారలోనే తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. 2000లో ఏర్పడినప్పుడు శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఐదు జిల్లాలు దాని కింద ఉండేవి. వచ్చే ఏళ్లకు ఎంత కరెంటు కావాలో అంచనా వేసి పంపిణీ సంస్థలు రెగ్యులేటరీ కమిషన్‌కు ఇవ్వాలి. మనం ఆ గేటు ముందునుంచి రోజూ పోతాము, బిల్లు తప్పు వచ్చినప్పుడే లోపలికి వెళతాము. ఇంకా ట్రాన్స్‌కో, దేశమంతటి గ్రిడ్ నడిపే గ్రిడ్ ఇండియా, ఢిల్లీలో కేంద్ర విద్యుత్ అథారిటీ, పుణెలో ప్రయాస్, బెంగళూరులో సీస్టెప్ వంటి పరిశోధన సంస్థలు గలవు. ఉద్యోగాలు వేలల్లో ఉంటాయని మేము చెప్పము. కొద్దివే, కాని చేయగలిగినవాళ్లూ కొద్దిమందే.

మన పిల్లలకు అడ్డం లెక్క కాదు, మాట. "ఔసత్" అంటే చటుక్కున చెప్పే పిల్లవాడు ఇంటర్‌లో "యావరేజ్" అనగానే నోరు తెరుస్తాడు. "మసావాత్" తెలుసు, "ఈక్వేషన్" తెలియదు. గేట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. అందుకని మా పాఠశాలలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరసల్లో గణిత పదాల పట్టిక రాసి గోడకు అంటించాము. కావలసినవారికి నకలు ఇస్తాము.

సొసైటీ వారికి మా మనవి. మన స్కాలర్‌షిప్పు బీటెక్ చివరి ఏడుతో ఆగిపోతున్నది. గేట్‌కు చదివే ఏడాది పిల్లలకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆడపిల్లలు సరిగ్గా అక్కడే పెళ్లి సంబంధాలకు, మగపిల్లలు గల్ఫ్ వీసాకు లొంగిపోతారు. గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరితే స్టైపెండు వచ్చే అవకాశం ఉన్నది గనుక ఆ ఒక్క ఏడాది దాటిస్తే చాలు. ఏటా ఇద్దరికి, ఆ ఏడాదికి ఖర్జె హసనాగా ఇవ్వమని కోరుతున్నాము. మా వంతుగా ఒక నెల జీతం కోశాధికారి గారికి ఈ ఉదయమే ఇచ్చాము.

ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. లెక్కల పేపరు బాగా చేశానంది. వాళ్ల అబ్బా వెనుక వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన ఇంకా అవుననలేదు, కాదనీ అనలేదు.

ప్రతి ఆదివారం అసర్ తరువాత సొసైటీ గదిలో కంప్యూటరు దగ్గర మేము ఉంటాము. రాదలచిన పిల్లలు తమ ఇంటి పన్నెండు నెలల కరెంటు బిల్లులు వెంట తెచ్చుకోవాలి. మొదటి పాఠం వాటితోనే.