రేకుల కింద కాపురాలు: అటకలో గాలి ఆడాలి
(కొట్పాడ్‌లో చేనేత, మిల్లు కార్మికుల సమావేశంలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించీ, కరువు భత్యం గురించీ వినాలని వచ్చినవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. ఈ పూట మేము ఇంటి కప్పు గురించి మాట్లాడతాము. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషికి పగలు రేకుల కింద కునుకు పట్టదు. కునుకు లేని మనిషి రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడితే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కర లేదు. కాబట్టి ఇదీ కార్మిక సమస్యే.

1998 వేసవిలో ఒక్క ఒడిశాలోనే వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి రెండు వేల మంది దాకా పోయారు. ఎండ అందరికీ ఒకటే అంటారు గానీ అది నిజం కాదు. డాబా మీద ఇంకో అంతస్తు ఉన్నవాడి ఎండ వేరు, నెత్తి మీద రేకు ఉన్నవాడి ఎండ వేరు.

ఇక్కడ కొట్పాడ్‌లో మగ్గం ఉన్నది ఇంట్లోనే. మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు ఎరుపు దించుతారు. మనం తొగరు అనే చెట్టు జాతే అది. అన్నభేది కలిపితే ఆ ఎరుపు నలుపుకు తిరుగుతుంది. నూలుకు ఆముదం, బూడిద పట్టించి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ పట్టించడానికే రోజుల తరబడి పడుతుంది. ఈ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరి నేతగాడు గోవర్ధన్ పాణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అంత పేరున్న నూలు చాలా ఇళ్లలో ఉండేది ఎక్కడ? అటక మీద. అటక పాడైతే నిద్రతో పాటు పెట్టుబడీ పోతుంది.

పాత పెంకుటిళ్లు చూడండి. దూలాల మీద వెదురు దబ్బలు పరిచి, పైన పేడ కలిపిన మట్టి మెత్తి అటక కట్టారు. దాని మీద ఖాళీ, ఆ పైన పెంకు. వేడిని ఆపేది మట్టి. ఆ ఖాళీలో చేరిన వేడి గాలి పెంకుల సందుల్లోంచి పోయేది. పైన గడ్డి కప్పు ఉన్న ఇళ్లలో అయితే నిప్పు పడ్డా అది కిందికి దిగకుండా ఈ మట్టి అటకే కాపాడేది. పేరు తెలియని మేస్త్రీలు చేసిన ఇంజనీరింగ్ ఇది.

తర్వాత పెంకులు పోయి రేకులు వచ్చాయి. కోతుల బెడద లేదు, ఏటా పెంకు తిరగవేసే ఖర్చు లేదు. కానీ రేకుకు సందుల్లేవు. మధ్యాహ్నం ఇనుప రేకు అరవై డిగ్రీలు దాటుతుంది, చేయి పెట్టలేము. ఆ వేడి గాలి ద్వారా మాత్రమే రాదు. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ముఖానికి సెగ తగిలినట్టు రేకు నుంచి నేరుగా కిందికి కొడుతుంది. అందుకని జనం ఏం చేస్తున్నారు? దొరికిందల్లా అటకలో కుక్కుతున్నారు. గోనె సంచులు, థర్మోకోలు, మిల్లు నుంచి తెచ్చిన వేస్టు దూది. చూరు కింద సందు కనిపిస్తే దుమ్ము వస్తోందని అదీ మూసేస్తున్నారు. అసలు చిక్కు అక్కడ మొదలవుతోంది.

సెగను ఆపే పొర వేరు, గాలి దారి వేరు. రెండూ కావాలి. పొర అటక నేల మీద, అంటే మనుషుల నెత్తిన ఉండాలి. గాలి ఆ పొరకు పైన, రేకుకు కింద ఆడాలి. చూరు దగ్గర చల్లగాలి లోపలికి రావాలి, కొప్పు దగ్గర వేడిగాలి బయటికి పోవాలి. మిల్లు షెడ్డు కప్పు మీద గాలి గుమ్మటాలు ఎందుకు పెడతారో మనకు తెలుసు. అదే లెక్క ఇంటికీ వర్తిస్తుంది. చూరు మూస్తే కొప్పు ఎంత తెరిచినా లాభం లేదు. అడుగు నుంచి గాలి రాకపోతే పైనుంచి ఏం పోతుంది?

మేము పని చేసిన ఒక మిల్లులో క్వార్టర్ల లైనుకు యాజమాన్యం సీలింగు కొట్టించింది. కొట్టించిన కంట్రాక్టరు కొప్పు వెంటిలేటర్లకు పలకలు బిగించి పోయాడు. మొదటి వేసవి పగలు కాస్త నయమనిపించింది, రాత్రి మాత్రం సీలింగు మీద చేరిన వేడి తెల్లారేదాకా దిగేది. వానాకాలంలో సీలింగు మీద చెమ్మ మరకలు, శీతాకాలం తెల్లవారుజామున చుక్కలు. కప్పు కారుతోందని రేకులు మార్చమని మనవాళ్లు అర్జీ పెట్టారు. కప్పు కారలేదు. వంటింటి ఆవిరి, మనుషుల ఊపిరి పైకి పోయి, చల్లని రేకుకు తగిలి నీరై పడింది. పలకలు పీకించాక ఆ చుక్కలు ఆగాయి. రెండేళ్లలో వాసాలు మాత్రం పుచ్చిపోయాయి, వాటి ఖర్చు ఎవరు భరించాలన్న తగాదా ఇంకో రెండేళ్లు నడిచింది.

మగ్గానికి తేమ కావాలి కదా అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, పడుగు ఆరిపోతే పోగు తెగుతుంది. మిల్లులో అందుకే తేమ పుట్టిస్తారు. గుంట మగ్గానికి నేల చెమ్మే సాయం. కానీ ఆ తేమ పోగు దగ్గర ఉండాలి. అటక మీద కట్ట కట్టిన చిలపల్లోకి చేరితే బూజు పడుతుంది. నూలు అటక మీదే పెట్టాలంటే చెక్క మీద పెట్టండి, గోడకూ చూరుకూ ఆనించకండి.

ఇప్పుడు కొలతలు. అమెరికాలో ఇళ్ల నిబంధనల్లో ఒక లెక్క ఉంది: నూట యాభై చదరపు అడుగుల అటకకు ఒక చదరపు అడుగు తెరపి. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు గదికి అంతే అవుతుంది. అందులో సగం చూరు వైపు, సగం కొప్పు వైపు పెట్టండి. మన ఎండకు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఇనుప జాలీ వేస్తే తీగలు కొంత దారి మింగుతాయి, దుమ్ము పట్టితే ఇంకొంత, కాబట్టి కంత పెద్దదిగా కోయండి. జాలీ మాత్రం వెయ్యాల్సిందే, లేకపోతే ఎలుకలూ గబ్బిలాలూ కాపురం పెడతాయి. కొప్పు కంత మీద వాన కొట్టకుండా చిన్న గొడుగు రేకు ఉండాలి. అటక పొర చూరు దాకా పరిచేటప్పుడు పొరకూ రేకుకూ మధ్య రెండు అంగుళాలైనా ఖాళీ వదలాలి. చాలా ఇళ్లలో తప్పు జరిగేది సరిగ్గా ఈ మూల దగ్గరే.

పొరకు ఏం వాడాలి? దూలాలు బరువు ఆపగలిగితే వెదురు తడక మీద మట్టి, ఇప్పటికీ దానికి సాటి లేదు. దూలం సన్నదైతే మేస్త్రీని అడగకుండా మట్టి ఎత్తకండి. థర్మోకోలు తేలిక, కానీ అంటుకుంటే నల్లటి విషపు పొగ. వేస్టు దూది సంగతి మిల్లు మనుషులకు మేము చెప్పాలా? బ్లో రూమ్‌లో ఒక్క నిప్పురవ్వ ఏం చేస్తుందో చూసినవాళ్లమే. అలాంటి దూదిని కరెంటు వైర్లు పోయే అటకలో పరిచి, దాని కింద పిల్లల్ని పడుకోబెడతామా? తీసేయండి, ఈ వారమే తీసేయండి.

సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఆ రేకు అమ్మకం ఆగలేదు. గాలి కంత కోసం దాన్ని కోయకండి, బెజ్జాలు వేయకండి, ఊడ్చి తోమకండి. ఆ రేకుల ఇంట్లో కంతలు త్రికోణపు గోడల్లో పెట్టుకోవాలి. దాని మీద ఎక్కి నడవకండి, విరిగి పడ్డవాళ్లున్నారు. పైన తెల్ల పూత వేయించాలంటే అడ్డంగా పలక వేసి వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని తెచ్చింది. దానిలో ముఖ్యమైనది ఈ తెల్ల కప్పే.

చలికాలంలో కంతలు మూస్తామని ఆడవాళ్లు అంటున్నారు. కొరాపుట్ చలి మాకూ తెలుసు. కానీ వెచ్చదనం ఆపేది కింది పొర. పొర బాగుంటే పైన గాలి ఆడినా గదికి చలి రాదు. పొర లేనివాళ్లకే ఆ బాధ. ఇంకొకటి: పూర్వం కట్టెల పొయ్యి పొగ అటకలో తిరిగి వెదురుకు పురుగు పట్టకుండా కాచేది. గ్యాసు వచ్చాక పొగ పోయింది, ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలైంది. అయితే ఏడాదికొకసారి దబ్బలు తట్టి చూడండి, పిండి రాలితే పురుగు పట్టినట్టు.

చట్టం మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో పని గదుల గోడలూ కప్పూ వేడి పెరగని సరుకుతో కట్టాలని ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత కోడు అమలుకు వచ్చింది. గాలి, వేడి, తేమ చూడవలసిన బాధ్యత అందులోనూ యజమానిదే. ఇంట్లో మగ్గం పెట్టుకున్న నేతగాడి అటక ఎక్కి చూసే ఇన్‌స్పెక్టరు మాత్రం ఏ కాలంలోనూ రాలేదు. షావుకారుకు బట్ట కావాలి, అది నేసిన గది ఎలా ఉందో అక్కర లేదు.

క్వార్టర్లలో ఉన్నవాళ్లు ఈ నెలాఖరులోగా పగటి పూట టార్చి పట్టుకుని అటక చూడండి. చూరు దగ్గర వెలుతురు కనిపిస్తోందా, కొప్పు దగ్గర కనిపిస్తోందా, చెమ్మ మరక ఎక్కడుంది, ఈ మూడూ లైను నంబరుతో రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. వేసవి లోపల మరమ్మతులు చేయించాలన్న డిమాండు ఆ కాగితాలతోనే యాజమాన్యం ముందు పెడతాము. సొంత ఇళ్లలో మగ్గం ఉన్నవాళ్లు జాలీ విడిగా కొనకండి, పదిమంది కలిసి చుట్ట కొంటే చౌక పడుతుంది.