పది పాసైంది సరే.. బడిని చూసిందెవరు?

(ఒక మండల కేంద్రంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి పెట్టుకున్న సభలో రిటైర్డ్ ఉపాధ్యాయ మిత్రులం చదివిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం ‘పదో తరగతి ఫలితాలు మెరుగుపరిచే మార్గాలు’. కరపత్రంల అట్లనే అచ్చయింది. మేం నలుగురం కూసోని మాట్లాడుకున్నంక అంశాన్ని కొంచెం తిప్పినం, నిర్వాహకులు ఏమనుకోవద్దు. ఎందుకంటే ఫలితాలు ఇప్పటికే మెరుగ్గ ఉన్నయి. 2023ల మన రాష్ట్రంల పది పాసైనోళ్లు నూటికి 86.60. 2024ల 91.31. 2025ల 92.78. మహబూబాబాద్ జిల్లా అయితే 2025ల 99.29తోని మొదటి నంబరు తెచ్చుకున్నది. ఇంక మెరుగుపరచాలంటే పరీక్ష రాయనోళ్లను గూడ పాస్ చేయాలె.

ఇప్పుడు ఇంకొక లెక్క చెప్తం. ఏసర్ సర్వే అని ఒకటుంటది. బడికి కాదు, ఊర్లల్ల ఇంటింటికి పోయి, పిల్లల చేతుల కాయితం పెట్టి చదువుమంటరు. 2022ల తెలంగాణ పల్లెలల్ల మూడో తరగతి పిల్లలు ఎంతమంది రెండో తరగతి పాఠం చదివిండ్రో తెలుసా? నూటికి 5.2. అంతకుముందు 2018ల 18.1. సర్కారు బడి, ప్రైవేటు బడి రెండూ కలిపిన లెక్క ఇది. కరోనా దెబ్బ తగిలింది, కాదంటలేం. కానీ కరోనా పేరు గూడ తెల్వని 2018ల నూటికి ఎనభై మందికి పైగ చదువలేదు గదా.

మూడోది చదివే పిల్లలు వేరు, పదోది రాసే పిల్లలు వేరు, అది మాకెరుకే. అయినా అడుగుతున్నం. మూడోదిల అట్లున్న బడి పదోదిల ఇట్లెట్ల మారింది? నడుమ ఏడేండ్లల్ల ఎవరన్న బయటి మనిషి వచ్చి చూసిండా?

మేం కొలువుల చేరిన కొత్తల తనిఖీ అంటే గుండె దడ దడ కొట్టుకునేది. నిజాం జమానాల మొహతమీం సాబ్ గుర్రం మీద వచ్చిన సంగతులు మా పెద్ద పంతుళ్లు చెప్పేటోళ్లు. మా కాలానికి గుర్రం పోయి జీపు వచ్చింది గని పని అదే. వచ్చినాయన ముందుగాల హాజరు పట్టీ తీసుకోని తలకాయలు లెక్కపెట్టేది. నాలుగోది పిల్లను లేపి, పంతులు చెప్పిన పాఠం కాదు, తనకిష్టమున్న పుట తీసి చదువుమనేది. పలకల మీద చూడకుండ రాయించేది. ఆఖరుకు తనిఖీ పుస్తకంల ఎర్ర సిరాతోని రాసి సంతకం పెట్టేది: ‘అయిదో తరగతికి భాగహారం రాదు. రెండు నెలలకు మల్ల వస్త.’ రెండు నెలలకు నిజంగ మల్ల వచ్చేటోడు. కోడి కోసిపెట్టిన రోజులు గూడ మాకు యాదికున్నయి, పంతుళ్లను పిల్లల ముందట తిట్టిన అధికారులూ యాదికున్నరు. ఆ దొరతనం మల్ల రావాల్నంటలేం. ఆ రెండు నెలలకు మల్ల వచ్చుడు కావాల్నంటున్నం.

మండలాలు అయినంక మండలానికొక విద్యాధికారి అన్నరు. మాట మంచిగనే ఉండె. ఏమైంది? సర్కారు టీచర్లకు, జిల్లా పరిషత్ టీచర్లకు ఒక్కతీరు సర్వీసు రూల్స్ ఉండాల్నా వద్దా అని మనల మనం కోర్టుకెక్కినం. ఏండ్లకేండ్లు తేలలే. 2017ల రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి, 2018ల హైకోర్టు కొట్టేసింది. రూల్స్ తేలకపాయె, ప్రమోషన్లు ఆగె, ఎంఈవో కుర్చీలు ఖాళీ పడె. ఒక్క హెడ్మాస్టర్ తన బడి చూసుకుంటనే ఇన్‌చార్జి ఎంఈవోగ రెండు మూడు మండలాలు చూసిన రోజులున్నయి. పొద్దుగాల ప్రార్థన, పగలు జీతాల బిల్లులు, సాయంత్రం కలెక్టర్ ఆఫీసుల మీటింగు. ఆయన ఎవల బడికి పోయి ఎవల పిల్లను లేపి చదివించాలె? 2016ల పది జిల్లాలను 31 చేసినం, 2019ల 33 చేసినం. జిల్లాలు పెరిగినయి గని, బడిని చూసే కండ్లు పెరగలే. ఇందుల మా తప్పు గూడ ఉన్నది. మా సంఘాలు సీనియారిటీ కోసం పట్టుబట్టినంత గట్టిగ తనిఖీ కోసం పట్టుబట్టలే. ఈ వేదిక మీద అది ఒప్పుకోకుంట ఇంకొకలను అడిగే హక్కు మాకు లేదు.

పిల్లలకు ఈ ముచ్చట తెల్వదు, కాబట్టి కొంచెం వెనుకకు పోతం. 1956 పెద్దమనుషుల ఒప్పందంల తెలంగాణ పెద్దలు అడిగినవాట్ల చదువు ముఖ్యమైనది. ఇక్కడి విద్యా సౌకర్యాలు ఇక్కడి పిల్లలకే దక్కాలె, ఇంకా పెరగాలె అని రాసుకున్నరు. 1958ల వచ్చిన ప్రాంతీయ సంఘం ఉత్తర్వుల ప్రాథమిక, మాధ్యమిక విద్య ఆ సంఘం చూసే విషయాలల్ల ఉండె. మన బడిని మన మనిషే చూడాలె అన్నదే దాని అర్థం. ఆ సంఘానికి మాట చెల్లనియ్యలే, 1973ల మొత్తానికే తీసేసిండ్రు. నీళ్లు, నిధులు, నియామకాలని ఊరూరు తిరిగినప్పుడు బడి సంగతి వేరే చెప్పనక్కర లేదనుకున్నం, రాష్ట్రమొస్తే అదే బాగుపడతదని. 2014ల రాష్ట్రమొచ్చింది. విద్యాశాఖ మనది, బోర్డు మనది, మంత్రి మనోడు. ఇప్పుడు కుర్చీ ఖాళీ ఉన్నదంటే ఏ ఊరోని మీద నెడదాం?

బడిని చూసేటోడు లేనప్పుడు సర్కారు చేతిల మిగిలేది పరీక్ష ఒక్కటే. దాని సంగతి గూడ చూడుండ్రి. కరోనాతోని 2021ల పది పరీక్షలు రద్దు చేసిండ్రు, తప్పలే. బడులు వేసిన మార్కులను బట్టి గ్రేడ్లిచ్చిండ్రు. 5 లక్షల 21 వేల మంది పిల్లలల్ల 2 లక్షల 10 వేల మందికి పైగ పదికి పది! అయిదుగురిల ఇద్దరు! అయిదు వందలకు పైగ బడులల్ల ఒక్క పిల్ల గూడ తక్కువ కాకుంట అందరికి పదికి పది. పిల్లలను తప్పు పడతలేం. బడి తన మార్కులు తనే వేసుకుంటే, అడిగేటోడు లేకుంటే ఏమైతదో రాష్ట్రమంత చూసింది. ఇప్పుడు పరీక్షకు 80, బడి వేసే ఇంటర్నల్స్ 20. వీటిని తీసేస్తమని 2024 నవంబర్‌ల ఉత్తర్వు ఇచ్చిండ్రు, వెంటనే ఈ యేడాదికి వద్దని వెనుకకు తీసుకున్నరు. తీసేయాల్నా ఉంచాల్నా అన్నది మాకు పెద్ద ముచ్చట కాదు. ఆ 20 మార్కుల నోటుబుక్కులను ఎవరన్న తెరిచి చూస్తున్నరా అన్నది ముచ్చట.

2019 ఏప్రిల్ సంగతి మాట్లాడాలంటే నోరు రాదు. ఇంటర్ ఫలితాలల్ల పరీక్ష రాసిన పిల్లలను రాయలేదన్నరు. తెలుగుల 99 వచ్చిన బిడ్డకు సున్నా పడ్డది. ఇరువై మందికి పైగ బిడ్డలు మనకు దక్కకుండ పోయిండ్రు. మల్ల లెక్కపెడితే వెయ్యికి పైగ పిల్లలు పాసైనోళ్లే అని తేలింది. ఫలితాల పనిని బయటి కంపెనీకి అప్పజెప్పి, అది సరిగ్గ పనిచేస్తుందా లేదా అని ముందుగాల పక్కపక్కన పెట్టి చూడాల్సిన బోర్డు చూడలే. పిల్లలను పరీక్ష పెట్టి నిలదీసే సర్కారు, తన యంత్రాన్ని పరీక్ష పెట్టుకోలే. తనిఖీ లేకపోవుడంటే ఫైలుల ఒక గడి ఖాళీ ఉండుడు కాదని, ఆ తల్లులను చూసినంక మాకు అర్థమైంది.

ఇంకొక మాట చెప్తరు. పిల్లలను ఫెయిల్ చేయకపోవుటానికే చదువు పాడైందని. విద్యాహక్కు చట్టం 2010ల అమలుకొచ్చింది, ఎనిమిది దాక ఆపొద్దన్నది. 2019ల చట్టం మార్చిండ్రు, 2024 డిసెంబర్‌ల కేంద్రం తన బడులల్ల అయిదు, ఎనిమిదిల ఆపొచ్చని రూల్స్ తెచ్చింది. మన దగ్గర గూడ తెమ్మనేటోళ్లున్నరు. ఏడోదిల జిల్లా పరీక్ష ఉన్న కాలంల మేం పాఠం చెప్పినం. ఫెయిలైన పోరగాడు మల్ల ఏడోదిల కూసోలే. ఆడపిల్ల అయితే పత్తి చేన్లకు పోయింది, రెండేండ్లకు పెండ్లయింది. వానికి అక్షరం రాలేదని మూడోదిల చెప్పేటోడు లేకపాయె, ఏడోదిల మాత్రం ఫెయిల్ అని చెప్పేటోడు తయారు. చట్టం ఆపొద్దన్నదే గని, చదువు చెప్పొద్దనలే. దాంట్ల సగమే మనం అమలు చేసినం.

కొత్తవి ఏమీ చేయలేదని అనం. 2022ల తొలిమెట్టు తెచ్చిండ్రు, చిన్న పిల్లలకు చదువుడు రాసుడు నేర్పేటందుకు, మంచి పని. కానీ పిల్ల ఏ మెట్టు మీద ఉన్నదో రాసేది ఆ పంతులే, ఫోన్ల ఎక్కించేది ఆ పంతులే. వచ్చి చూడాల్సినాయన ఇన్‌చార్జి. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిండ్రు, మహిళా సంఘం అక్కలు మూత్రశాలలు, కరెంటు, తాగు నీళ్లు దగ్గరుండి చేయించిండ్రు. అక్కలకు ఆ పనొక్కటే ఇచ్చిండ్రు. పిల్ల చదువుతుందా అని అడిగే పని ఇయ్యలే. జూన్ వస్తే జయశంకర్ సారు పేరు మీద బడిబాట. ఎందరు చేరిండ్రు అని ఫొటోలతోని లెక్క. మార్చి వస్తే పదోళ్లకు స్పెషల్ క్లాసులు, అటుకులు, అరటిపండ్లు. నడుమ తొమ్మిది తరగతులకు పండుగ లేదు.

2025ల వికారాబాద్ జిల్లా 73.97తోని చివర ఉన్నది. అంతకుముందు యేడు 65.10తోని అదే చివర. ‘వెనుకబడ్డ జిల్లా’ అని పేపర్లల్ల వచ్చింది. అక్కడి పిల్లలు తెలివి లేనోళ్లా? అక్కడ పంతుళ్లు తక్కువున్నరా, ఇంట్ల మాట్లాడే భాష వేరేనా, కాపీకి జాగ లేకుంట గట్టిగ పరీక్ష పెట్టిండ్రా? ఆ 73 గాని, పక్కన 99 గాని మనకు ఇందుల ఒక్కటి గూడ చెప్పది. బడికి పోయి చూసినోడే చెప్పాలె.

అందుకని మేం అడిగేది పెద్ద పథకం కాదు. మండలానికి పూర్తి కాలం పనిచేసే విద్యాధికారి, ఆయనకు బిల్లుల పని కాకుంట బడుల పని. యేడాదికి రెండు తనిఖీలు, సర్కారు బడికైనా, రోడ్డు మీద రంగురంగుల బోర్డు పెట్టిన ప్రైవేటు బడికైనా. ప్రైవేటు బడులకు 1994ల వచ్చిన జీవో 1 ఉండనే ఉన్నది, కొత్తది అక్కర లేదు. తనిఖీల ఏం రాసిండ్రో గ్రామసభల చదివి వినిపించాలె.

అప్పటిదాక మనం చేసేది ఒకటున్నది. ప్రతి సర్కారు బడిల తనిఖీ పుస్తకం ఉంటది. మొన్న మేం ఒక బడికి పోయి అడిగితే బీరువాల నుంచి తీసిండ్రు, దుమ్ము దులిపి ఇచ్చిండ్రు. చివరి సంతకం కాడ సిరా రంగు మారింది. దాని తర్వాత పుటలన్నీ తెల్లగ ఉన్నయి. రేపు సోమవారం మీరు నలుగురు కలిసి మీ ఊరి బడికి పోయి ఆ పుస్తకం చూపెట్టుమనుండ్రి. పంతులు మీద కొట్లాటకు పోవద్దు, ఆయనకు గూడ ఎవరన్న వచ్చి చూడాల్ననే ఉన్నది. చివరి తారీఖు రాసుకోని మాకు తెచ్చియ్యుండ్రి. మండలంల ఉన్న బడులన్నిటి తారీఖులు ఒక్క కాయితం మీద రాసి డీఈవో ఆఫీసుకు పట్టుకపోదాం. ఆయన గూడ ఇన్‌చార్జే అయితే కలెక్టర్ కాడికి పోదాం. బీరువా తాళం దొరకలేదంటే, దొరికేదాక అక్కడ్నే కూసుండుండ్రి.

జై తెలంగాణ.