చలిగాలిలో సైకిలు: కంటికి కాపుదల

(సంఘాల కార్యదర్శులు, పాలు చేరవేసేవారి శీతాకాలపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాలలో మేము ఎప్పుడూ పశువు సంగతే మాట్లాడతాం. గాలికుంటు టీకా, పొదుగువాపు, దూడకు జున్నుపాలు. గేదె కంట నీరు కారితే వెంటనే డాక్టరుకు కబురు పంపుతాం. ఆ గేదె పాలు మోసుకొచ్చే మనిషి కంట నీరు కారితే మాత్రం, చలి గదా, అదే పోతుందిలే అని ఊరుకుంటాం. ఈ రోజు ఆ మనిషి కన్ను గురించి మాట్లాడదలచాము. అందుకు మేము చేసిన ఒక పొరపాటు కూడా కారణం. అది కాస్త ఆగి చెబుతాము.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. మన కంటిని ఎప్పుడూ పలుచని కన్నీటి పొర తడిగా ఉంచుతుంది. అది ఉత్త నీరు కాదు. పైన సన్నని నూనె పొర, లోపల నీరు, అడుగున జిగట ఉంటాయి. కాగిన పాల మీద మీగడ లాంటిది ఆ నూనె పొర. అది ఉంటే లోపలి నీరు త్వరగా ఆరిపోదు. రెప్ప వేసినప్పుడల్లా ఈ పొర సర్దుకుంటుంది. చలికాలపు గాలిలో తేమ తక్కువ. పైగా సైకిలు మీద వెళ్ళేవాడు గాలి కోసం ఎదురు చూడనక్కరలేదు, తానే పుట్టిస్తాడు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే, ఎదురుగాలి 10 కిలోమీటర్లు ఉంటే, కంటికి తగిలేది 25 కిలోమీటర్ల గాలి. చీకట్లో గుంటలు చూసుకుంటూ పోయేవాడు రెప్ప కూడా సరిగా వేయడు. ఇక తడి ఆరిపోక ఏమవుతుంది?

కన్ను ఆరిపోతే నీరెందుకు కారుతుందని మీరు అడగవచ్చు. ఆరిన కన్ను మండుతుంది. ఆ మంటకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీటిని వదులుతుంది. ఆ నీరు ముక్కులోకి దిగే సన్నని కాలువ అంత నీటిని మోయలేదు, కనుక చెంపల మీద కారుతుంది. అందుచేత నీరు కారుతున్నది కాబట్టి కన్ను తడిగానే ఉందనుకోవడం సరికాదు. అయితే ఇంట్లో కూర్చున్నా, ఎండాకాలంలోనూ, ఒక్క కంటి నుంచే నీరు కారుతుంటే అది చలి పని కాదు. ఆ కాలువ పూడిందేమో చూపించుకోవాలి.

ఈ బాధ అన్ని చోట్లా ఒక్కటి కాదు. కోస్తాలో ధనుర్మాసపు మంచు బాధిస్తుంది గాని గాలిలో తేమ ఉంటుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో పది డిగ్రీల లోపు చలి, పైగా పొడిగాలి. లంబసింగి ఘాట్ల సంగతి చెప్పనే అక్కరలేదు. మోటారు సైకిళ్ళు వచ్చాక ఈ కష్టం తగ్గిందనుకునేవారున్నారు. వేగం పెరిగితే గాలి పెరిగింది గదా! వారికి హెల్మెట్ అద్దం ఉంది, దించుకుంటే చాలు. సైకిలు మనిషికి అదీ లేదు.

ఇప్పుడు మా పొరపాటు. 2021 నవంబరులో కొన్ని సంఘాలకు, పాలు చేరవేసేవారికి కళ్ళజోళ్ళు కొనివ్వండి అని చెప్పాము. ఎలాంటివో చెప్పలేదు. ఒక సంఘం వారు సంతలో చవకగా దొరికిన నల్ల కళ్ళజోళ్ళు కొన్నారు. డిసెంబరులో ఒక తెల్లవారుజామున, ఐదు గంటల వేళ, ఒకతను అవి పెట్టుకుని బయలుదేరి కల్వర్టు అంచు కనబడక కాలువలో పడ్డాడు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. రెండు క్యాన్ల పాలు నేలపాలయ్యాయి. ఆ పాల డబ్బు అతని లెక్కలో విరగ్గోశారు. మేము వెళ్ళి, తప్పు అతనిది కాదు, అరకొరగా చెప్పిన మాదే అని చెప్పి ఆ కోత తీసివేయించాము. అతను మాతో ఒక్కటే అన్నాడు: "అయ్యా, కళ్ళజోడు మంచిదే, చీకటికి చీకటి తోడైంది."

కనుక ఈసారి వివరంగా చెబుతున్నాము. తెల్లవారకముందు పెట్టుకునేది తెల్లని, పవర్ లేని అద్దమే అయి ఉండాలి. పగిలితే ముక్కలై గుచ్చుకునే గాజు కాకుండా, పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది మంచిది. కణతల దాకా వంగి, పక్కల నుంచి గాలి దూరకుండా ఉండాలి. ముందు అద్దం ఎంత వెడల్పున్నా పక్కన సందు ఉంటే గాలి అక్కడి నుంచే వస్తుంది. నల్ల అద్దాలు పనికిరావని కాదు. పాలు పోసి తిరిగి వచ్చేటప్పుడు ఎదురెండ పడుతుంది. అప్పుడు వాడండి. ఎండ, దుమ్ము, గాలి ఏళ్ళ తరబడి తగిలితే తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి కండ లాంటి పొర పెరుగుతుంది. పొలం పనివారిలో చాలామందికి చూస్తున్నాం.

నలభై దాటినవారికి ఒక మాట. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కంటి వెలుగు శిబిరాలలో చాలామందికి చదువు అద్దాలు ఇచ్చారు. అవి పాసుపుస్తకం చూసుకోవడానికి. వాటితో సైకిలు తొక్కితే దూరంలోని గుంట మసకగా కనబడుతుంది.

మఫ్లరు ముక్కు మీదుగా బిగించి కడితే ఊపిరి పైకి తన్ని అద్దం మసకబారుతుంది. ముక్కు కిందికి కట్టుకోండి, లేదా మఫ్లరు పై అంచును ముక్కు మీద ఒత్తుగా ఆనించండి. అద్దానికి చుక్క సబ్బునీరు రాసి మెత్తని బట్టతో తుడిస్తే కొంతసేపు ఆవిరి పట్టదు. ముందుకు అంచున్న టోపీ కూడా గాలిని కొంత ఆపుతుంది. దారిలో ఆగినప్పుడు రెప్పలు నిండుగా మూసి తెరవండి. ఇది ఖర్చు లేని మందు.

ఈ రోజుల్లోనే వరి నూర్పిళ్ళు. రోడ్డు మీద పొట్టు ఎగురుతుంది. కంట్లో పడితే నలపవద్దు. పొదుగు కడిగిన చేతితో అసలే వద్దు. శుభ్రమైన మంచినీటితో కడగండి. ఆకుపసరు, ఆముదం, చంటిబిడ్డ తల్లి పాలు పోసే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. పాలు ఎంత శ్రేష్ఠమైనా కడుపుకే గాని కంటికి కాదు, ఈ మాట పాల సంఘంవారం మేమే చెబుతున్నాం! పొట్టు గీసుకున్న చోట బూజు చేరి నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. అప్పుడు మందుల షాపులో ఇచ్చే స్టిరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల పుండు పెరుగుతుంది. చాలాకాలం వాడితే నీటికాసులు కూడా రావచ్చు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆ పూట పాలు మోయడానికి ఇంకొకరిని పంపే బాధ్యత కార్యదర్శిది.

వెన్న పరీక్షకు ఇంకా యాసిడ్ వాడే సంఘాలవారు కూడా వినండి. అక్కడ ఈ సైకిలు అద్దం చాలదు, చుట్టూ మూసుకునే గాగుల్స్ ఉండాలి. చుక్క పడితే ధారగా నీటితో కనీసం పావుగంట కడుగుతూనే ఉండి, ఆ తరువాత ఆసుపత్రికి.

బల్ల మీద మూడు రకాల కళ్ళజోళ్ళు పెట్టాము. టీ తాగే లోపల ఒక్కొక్కరు పెట్టుకుని, ఆవరణలో సైకిలు మీద ఒక చుట్టు తిరిగి రండి. మీకు ఏది కుదిరితే అదే కొనమని సంఘాలకు రాస్తాము.