నడిచేవారికీ రోడ్డులో వాటా ఉంది



ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తున్నారంటే మనందరికీ సంతోషమే. బస్సు త్వరగా వస్తుంది, సరుకు త్వరగా చేరుతుంది, అంగళ్ళలో బేరం పెరుగుతుంది. కాని రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల బడి ఉన్న పిల్లవాడి సంగతేమిటి? పింఛను కోసం బ్యాంకుకు నడిచి వెళ్ళే తాతగారి సంగతేమిటి? తెల్లవారుజామున పూలబుట్టతో సంతకు పోయే అమ్మ సంగతేమిటి? వీళ్ళు ఎంతమంది ఉన్నారో, ఎక్కడ రోడ్డు దాటుతారో మనం చెప్పకపోతే రోడ్డు వేసేవారికి తెలిసే అవకాశం తక్కువ. ఆ మాట ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో 32,825 మంది కాలినడకన పోతున్నవారే. అంటే రోజుకు సుమారు 90 మంది. వీరిలో ఎవరూ వేగంగా పోయినవారు కారు, బండి నడిపినవారు కారు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది దూరపు కబురు కాదు. హోసూరు మధ్యగా 44వ నంబరు జాతీయ రహదారి, బళ్ళారి మీదుగా 67వ నంబరు, యానాం మీదుగా 216వ నంబరు రహదారి పోతున్నాయి. దూరం వెళ్ళే లారీకి మన ఊరు దాటిపోవలసిన ఒక మలుపు. మనకు మాత్రం అది రోజూ నడిచే వీధి.

ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు లేన్ల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. వయసు మళ్ళిన ఒకావిడ సెకనుకు ఒక మీటరు చొప్పున నడిస్తే అవతలి వైపుకు చేరడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ 7 సెకన్లలో సుమారు 117 మీటర్లు వచ్చేస్తుంది. అదే లారీ 30 కిలోమీటర్ల వేగంతో వస్తే 58 మీటర్లే వస్తుంది. రోడ్డు మధ్యలో నిలబడడానికి భద్రమైన డివైడరు ఉంటే ఆవిడ ఒకసారి మూడున్నర సెకన్లు, మరోసారి మూడున్నర సెకన్లు నడిస్తే చాలు. “చూసుకుని దాటాలమ్మా” అని చెప్పడం మంచిదే. కాని చూసినా అందనంత వేగంగా వచ్చే బండి ముందు ఆ హితవు ఒక్కటే చాలదు. వేగం తగ్గించాలి, దాటే చోటు కల్పించాలి.

ఇది దయతో ఇచ్చేది కాదు, హక్కు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో రోడ్డు భద్రత గురించి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యంలోనే 2025 మే నెలలో కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, వికలాంగులకు కూడా ఆ ఫుట్‌పాత్ వీలుగా ఉండాలని స్పష్టం చేసింది. ఫుట్‌పాత్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది. నడవడానికి ఖాళీగా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే ఇద్దరు మనుషులు ఎదురుపడినా ఒకరు రోడ్డు మీదికి దిగనక్కర్లేకుండా ఉండాలన్నమాట.

మరి అడగడం ఎలా? మొదటి పని లెక్క. మీ వీధివాళ్ళు నలుగురు ఒక పుస్తకం, ఒక టేపు పట్టుకుని బడి గంట కొట్టే వేళ ఒక గంట, సంత రోజు ఒక గంట నిలబడండి. ఎంతమంది దాటారు, అందులో పిల్లలెందరు, ముసలివాళ్ళెందరు, ఎక్కడ దాటారు, కాలువ మీద పలకలు ఎక్కడ విరిగాయి, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ అడ్డంగా ఉంది, వీధి దీపం ఎక్కడ వెలగడం లేదు, ఇవన్నీ రాయండి. “మా ఊళ్ళో చాలా ఇబ్బందిగా ఉంది” అనే అర్జీకన్నా “బడి ముందు గంటలో ఇంతమంది పిల్లలు దాటుతున్నారు” అనే అర్జీకి బలం ఎక్కువ.

రెండో పని, రోడ్డు ఎవరిదో తెలుసుకోవడం. వీధి రోడ్డయితే కర్ణాటకలో పురసభ లేదా నగరసభ, తమిళనాడులో నగరాట్చి, ఒడిశాలో మునిసిపాలిటీ లేదా ఎన్.ఏ.సి., మహారాష్ట్రలో నగర పరిషత్తు, యానాంలో మునిసిపాలిటీ. పెద్ద రోడ్డయితే రాష్ట్ర పబ్లిక్ వర్క్స్ శాఖ. జాతీయ రహదారి అయితే కేంద్ర ప్రభుత్వం తరఫున దాన్ని చూసే సంస్థ. జాతీయ రహదారుల ఫిర్యాదులకు 1033 నంబరు ఉంది. ఒకరి రోడ్డు గురించి ఇంకొకరికి రాస్తే కాగితం బల్ల మీదనే తిరుగుతుంది.

మూడోది భాష. “మాకు ఇక్కడి భాషలో రాయడం రాదు, మా మాట ఎవరు వింటారు?” అని వెనకాడేవారు మనలో ఉన్నారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తమ కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇవ్వవచ్చు. కనుక తెలుగులో రాయండి. పని త్వరగా కావాలంటే ఇరుగుపొరుగు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ సోదరుల చేత వారి భాషలో ఒక ప్రతి రాయించి జతచేయండి. వారి సంతకాలు కూడా తీసుకోండి. రోడ్డు దాటే కాలికి భాష లేదు గదా!

అడిగేది కూడా వీలైనది అడగాలి. జాతీయ రహదారి మీద స్పీడు బ్రేకరు అడిగితే సాధారణంగా ఒప్పుకోరు. వేగ పరిమితి బోర్డులు, బడి ముందు జీబ్రా గీతలు, మధ్యలో ఆగే చోటు, దీపాలు, పక్కన కాలిబాట అడగండి. ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణనష్టం జరిగితే రోడ్డు బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 198ఎ సెక్షను 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరింది. అర్జీలో ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఒక్క జాగ్రత్త. ఫుట్‌పాత్ అనగానే తోపుడుబండి అబ్బాయి మీద పడకండి. అతడిదీ పొట్టకూటి సంగతే. అలాంటివారికి చోటు చూపించడానికి 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. నడిచేవారికీ, అమ్ముకునేవారికీ గీత గీసి చోటు పంచమని అడగండి. కారు నిలపడానికి ఆక్రమించిన చోటు మీద కూడా అంతే గట్టిగా మాట్లాడండి.

ఇవన్నీ జరిగే పనులేనా అంటారేమో. చెన్నై నగర పాలక సంస్థ 2014లో నడిచేవారికి, సైకిళ్ళకు ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చింది. 2019లో త్యాగరాయ నగరు పాండీ బజారులో విశాలమైన నడకదారి ప్రారంభమైంది. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ సెట్టిగారు తెలుగు కుటుంబంలో పుట్టినవారే. అంత రద్దీ బజారులో సాధ్యమైనది మన ఊరి బడి ముందు వంద గజాల్లో సాధ్యం కాదా?

ఊరంతా ఒక్కసారే మారనక్కర్లేదు. ముందు ఒక బడి, ఒక ఆసుపత్రి, ఒక బస్టాండు, ఈ మూడింటి మధ్య దారి చూడండి. పదేళ్ళ పిల్లవాడు ఎవరి చేయీ పట్టుకోకుండా ఆ దారిలో వెళ్ళి రాగలిగితే, ఆ ఊళ్ళో అందరూ నడవగలరు. వచ్చే సంత రోజున ఆ టేపు, ఆ పుస్తకం పట్టుకుని బయలుదేరండి.